ఎలక్ట్రానిక్ సంగీతం, సౌండ్ డిజైన్‌లో పీజీ: చేరడానికి ముందు ఏడాది నుంచి చివరి ప్రాజెక్టు దాకా

ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రొడక్షన్‌లోనో సౌండ్ డిజైన్‌లోనో పీజీ చేద్దామనుకునేవారిలో చాలామంది ముందు కాలేజీల జాబితా వెతుకుతారు. ఆ తర్వాత స్టూడియో ఫొటోలు చూస్తారు. పెద్ద మిక్సింగ్ కన్సోలూ, గోడ నిండా సింథసైజర్లూ కనబడగానే మనసు అక్కడే ఆగిపోతుంది. ఈ వరుసను తిరగేయమని నా సలహా. శబ్దంతో మీరు చేయాలనుకుంటున్నది ఏమిటో ముందు తేలితే కాలేజీ పేరు దానంతట అదే బయటికొస్తుంది. అది తేలకుండా లక్షలు పోసి వెళ్తే, మంచి స్టూడియోలో కూర్చుని ఇంట్లో చేసిన పనే మళ్లీ చేసి వస్తారు.

1. పీజీ నిజంగా కావాలా?

అబ్లెటన్ లైవ్, లాజిక్, ప్రో టూల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే పీజీ అక్కర్లేదు. పాఠాలన్నీ నెట్‌లో ఉన్నాయి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా నడుస్తుంది, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు ధర 60 డాలర్లు. ప్రోగ్రాం కూర్చి శబ్దం పుట్టించే ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్, సీసౌండ్ పూర్తిగా ఉచితం. పీజీ తరగతిలో ఈక్వలైజర్ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పరు. అది వచ్చనుకునే పాఠం మొదలుపెడతారు.

పీజీలో దొరికేవి వేరు. మీ పనిని ప్రతి వారం విని మొహమాటం లేకుండా మాట్లాడే గురువులు దొరుకుతారు. మీకంటే భిన్నంగా ఆలోచించే తోటి విద్యార్థులుంటారు. ఇంట్లో ఎన్నటికీ పెట్టుకోలేని బహుళ స్పీకర్ల గదులు, నిశ్శబ్ద గదులు అందుబాటులో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక ప్రశ్న మీద నెలల తరబడి పనిచేసే వ్యవధి చిక్కుతుంది. వీటిలో కనీసం రెండు మీకు అత్యవసరం అనిపిస్తేనే ముందుకు వెళ్లండి. సినిమా పాటలకు ప్రోగ్రామింగ్ చేయడమే లక్ష్యమైతే, ఆ రెండేళ్లు ఒక సంగీత దర్శకుడి దగ్గర పనిచేయడం మేలు. ఆ రంగంలో డిగ్రీని ఎవరూ అడగరు.

2. దారి ఎంచుకోవడం

బ్రోచర్లలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ, ఈ కోర్సుల్లో నాలుగు వేర్వేరు సంప్రదాయాలున్నాయి. తేడా తెలియక తప్పుడు చోట చేరేవారే ఎక్కువ కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం.

మొదటిది ప్రొడక్షన్ దారి. పాట, ట్రాక్, ప్రదర్శన, మిక్సింగ్, పరిశ్రమతో సంబంధాలు దీనికి కేంద్రం. స్పెయిన్‌లోని వాలెన్సియాలో బర్క్లీ కాలేజీ నడిపే ఒక ఏడాది మాస్టర్స్ ఈ కోవకు చెందింది. సంగీత నిర్మాణం, టెక్నాలజీ, ఇన్నోవేషన్ మూడూ దాని పేరులోనే ఉంటాయి. రేపు విడుదల చేయగల పని కావాలనుకునేవారికి ఇది సరిపోతుంది.

రెండోది శబ్దకళ దారి. ఇక్కడ తాళం, శ్రుతి ఉండి తీరాలన్న నియమం లేదు. 1948లో పారిస్ రేడియోలో పియర్ షఫేర్ రైళ్ల చప్పుళ్లను రికార్డు చేసి సంగీతంగా కూర్చిన నాటి నుంచి వస్తున్న ధార ఇది. హేగ్ నగరంలోని రాయల్ కన్సర్వేటరీలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోనాలజీ దీనికి పేరున్న చోటు. 1960లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో స్టూడియోగా మొదలై 1986లో హేగ్‌కు మారింది. మాస్టర్స్ రెండేళ్లు, బోధన ఇంగ్లిష్‌లోనే. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 2004లో జర్మన్ స్వరకర్త స్టాక్‌హౌసెన్ ప్రారంభించిన సోనిక్ ఆర్ట్స్ పరిశోధన కేంద్రం ఇంకొకటి. అక్కడి ప్రయోగశాలలో శ్రోతలు నడిచేది జాలీ నేల మీద. ఆ జాలీ కింద కూడా స్పీకర్లు ఉంటాయి, అంటే శబ్దం కాళ్ల కింది నుంచి కూడా వస్తుంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాంటీ హారిసన్ 1982లో స్థాపించిన బీస్ట్ అనే స్పీకర్ల వాద్యబృందం కూడా ఈ ధారలోదే. ఇలాంటి చోటికి నృత్యగీతాల పోర్ట్‌ఫోలియో పంపితే తిరస్కరణే వస్తుంది. అది మీ పనితనం మీద తీర్పు కాదు, చిరునామా తప్పింది, అంతే.

మూడోది ఇంజినీరింగ్ దారి. మన బీటెక్ ఈసీఈ, సీఎస్ఈ విద్యార్థులకు తలుపులు తెరిచి ఉండేది ఇక్కడే. పరీక్ష కోసం బట్టీపట్టిన ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్, శాంప్లింగ్ సిద్ధాంతం ఇక్కడ చెవికి వినిపిస్తాయి. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అకూస్టిక్స్ అండ్ మ్యూజిక్ టెక్నాలజీ, యార్క్‌లో ఆడియో అండ్ మ్యూజిక్ టెక్నాలజీ, బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో సౌండ్ అండ్ మ్యూజిక్ కంప్యూటింగ్, పారిస్‌లో ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థ భాగస్వామిగా నడిచే ఆటియామ్ కోర్సు, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1975లో ఆరంభించిన కంప్యూటర్ సంగీత పరిశోధన కేంద్రం సీసీఆర్ఎంఏ ఈ వరుసలోనివి. ఆటియామ్‌కు ఫ్రెంచి రావాలి. బార్సిలోనా వాళ్ల సంగతి మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. అక్కడి గ్జావియర్ సెర్రా 2011లో మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించింది. రాగం, తాళం తెలిసిన అభ్యర్థి చెప్పేది అక్కడ వింతగా అనిపించదు.

నాలుగోది తెరకూ ఆటకూ శబ్దం కూర్చే సౌండ్ డిజైన్. ఎడిన్‌బరోలో ఈ పేరుతోనే ఎంఎస్సీ ఉంది, అక్కడి కోర్సు శబ్దకళకు కూడా దగ్గరగా నడుస్తుంది. మన దేశంలో పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ప్రభుత్వ సినిమా విద్యాసంస్థల్లో మూడేళ్ల కోర్సులున్నాయి. ప్రవేశ పరీక్ష ఉంటుంది, సీట్లు కొద్ది, ఫీజు విదేశాలతో పోలిస్తే చాలా తక్కువ. 2009లో సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పుణె విద్యార్థే. సినిమానే మీ గమ్యమైతే విదేశాల కంటే ముందు ఈ రెండింటికీ ప్రయత్నించడం తెలివైన పని. అక్కడ మీతో చదివే దర్శకులు, ఛాయాగ్రాహకులే తర్వాత పని ఇచ్చేవారవుతారు.

ఇదంతా పరాయి విద్య అని జంకేవారికి ఒక మాట. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్‌తో స్టూడియో నెలకొల్పాడు. గీతా సారాభాయ్ లాంటివారు అందులో పనిచేశారు. ఆ టేపుల్లోని సంగీతం 2023లో సంకలనంగా వెలువడింది.

దారి తేలాక ఒక పరీక్ష పెట్టుకోండి. మీరు ఎంచుకున్న విభాగంలోని అధ్యాపకుల రచనలు రెండు మూడు పూర్తిగా వినండి, వాళ్ల వ్యాసం ఒకటి చదవండి. విసుగు పుడితే ఆ కాలేజీ మీది కాదు. ఏడాదంతా మీ పనిని తూచేది ఆ చెవులే.

3. చేరడానికి ముందు ఏడాది

ఈ ఏడాదిలో నాలుగైదు సాఫ్ట్‌వేర్లు పైపైన తడమడం కంటే, ఒక శబ్దాన్ని అడుగంటా తెలుసుకోవడం ఎక్కువ లాభం. అలాంటి అభ్యాసం ఒకటి వివరంగా చెబుతాను. దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

మీ ఊరి గుడిగంటను రికార్డు చేయండి. జనం లేని మధ్యాహ్నం వేళ, పూజారిని అడిగి వెళ్లండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా తీయండి. ఫోనులో అయితే శబ్దాన్ని కుదించని యాప్ వాడండి. గంట కొట్టిన క్షణంలో మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టుకోండి. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టించి, మోత పూర్తిగా అణిగేదాకా కదలకుండా ఉండండి. తొందరపడి తోక కత్తిరిస్తే అసలు సమాచారమంతా పోతుంది.

ఇంటికొచ్చి సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు స్పెక్ట్రోగ్రామ్ చూడండి, అంటే ఏ క్షణాన ఏ పౌనఃపున్యాలు మోగుతున్నాయో చూపే బొమ్మ. వీణ తీగలోలా మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు అన్న క్రమం కనిపించదు. అడ్డదిడ్డమైన దూరాల్లో అడ్డగీతలుంటాయి. వాటిలో బలమైన ఆరేడింటి పౌనఃపున్యాలు కాగితం మీద రాసుకోండి. ఏ గీత ముందు చచ్చిపోతోంది, ఏది చివరిదాకా నిలుస్తోంది అన్నది కూడా రాయండి.

ఇప్పుడు ప్యూర్ డేటాలో రెండు ఆసిలేటర్లు, అంటే స్వరం పుట్టించే భాగాలు పెట్టండి. వినిపించే స్వరం క్యారియర్, దాని పౌనఃపున్యాన్ని అటూ ఇటూ ఊపేది మాడ్యులేటర్, ఆ ఊపు ఎంతో చెప్పే అంకె మాడ్యులేషన్ ఇండెక్స్. ఈ పద్ధతినే ఎఫ్ఎం సింథసిస్ అంటారు. జాన్ చౌనింగ్ 1973లో ప్రచురించిన ఎఫ్ఎం సింథసిస్ వ్యాసంలో గంట మోతకు ఒక సూత్రం ఉంది. క్యారియర్ 200 హెర్ట్జ్, మాడ్యులేటర్ 280 హెర్ట్జ్, మాడ్యులేషన్ ఇండెక్స్ 10 నుంచి సున్నాకు 15 సెకన్లలో దిగాలి. అంటే మొదట్లో క్యారియర్ 2,800 హెర్ట్జ్ మేర అటూ ఇటూ ఊగుతుంది. లెక్క వేస్తే 200కు ఒకవైపు 480, 760, 1,040 హెర్ట్జ్ దగ్గర, ఇంకోవైపు 80, 360, 640 దగ్గర స్వరాలు పుడతాయి. వీటిలో ఏదీ 200కు నిండు రెట్టింపు కాదు, అందుకే లోహపు మోతలా వినిపిస్తుంది. ఇండెక్స్ దిగేకొద్దీ పైస్వరాలు ముందు రాలిపోతాయి, అసలు గంటలోనూ సాధారణంగా జరిగేది అదే. యమహా కంపెనీ ఈ పద్ధతికి లైసెన్సు తీసుకుని 1983లో డీఎక్స్7 సింథసైజర్ తెచ్చింది.

ఆ రెండు అంకెల నిష్పత్తి మార్చుతూ మీ ఊరి గంట దగ్గరికి రండి. ఎంత దగ్గరికొచ్చినా ఏదో లోటు వినిపిస్తుంది. అసలు గంట మోత అలలు అలలుగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పోతపోసిన గంట ఎప్పుడూ కచ్చితమైన వృత్తం కాదు కాబట్టి ఒక్కో స్వరం దాదాపు ఒకే పౌనఃపున్యం ఉన్న జంటగా చీలుతుంది, ఆ జంట రాపిడే ఆ అల. రెండో ఎఫ్ఎం జంటను, క్యారియర్ మాత్రం ఒక హెర్ట్జ్ ఎక్కువగా పెట్టి, జోడించి చూడండి. సెకనుకు ఒక అల వస్తుంది. యంత్రపు మోతకు అప్పుడు ప్రాణం వచ్చినట్టుంటుంది.

ఏం విన్నారో, ఏం ప్రయత్నించారో, ఎక్కడ కుదరలేదో ఒక పేజీ రాసిపెట్టుకోండి. ఇలాంటి పేజీలు ఐదారు పోగైతే దరఖాస్తులో రాయడానికి మీకు మాటల కరువుండదు. ఆట శబ్దాల దారిలో వెళ్లేవారు ఇదే శ్రద్ధతో, ఆటలో శబ్దాలను అమర్చే సాఫ్ట్‌వేర్లైన వైజ్ గానీ ఎఫ్‌మాడ్ గానీ నేర్చుకోవాలి. నేర్చుకునేవారికి రెండూ ఉచితమే. ఆటగాడు గడ్డి మీద నుంచి రాతి మీదికి అడుగేస్తే చప్పుడు మారేలా ఒక చిన్న దృశ్యం చేసి చూపించండి.

4. పోర్ట్‌ఫోలియో

మూడు పనులు చాలు, మొత్తం పది పదిహేను నిమిషాలు. కాలేజీ వేరే కొలత చెబితే దాన్నే పాటించండి. వినేవారి ముందు చాలా ఫోల్డర్లుంటాయి, కాబట్టి బలమైనది ముందు పెట్టండి. రెండు నిమిషాల నెమ్మది ఆరంభం ఉన్న రచన మీకెంత ఇష్టమైనా మూడో స్థానంలో ఉంచండి, లేదా ఎక్కడి నుంచి వినాలో పక్కన రాయండి.

శాంపిల్ ప్యాక్‌లు అతికించి చేసిన ట్రాక్ ఎంత మెరుగ్గా మోగినా ఇక్కడ విలువ తక్కువ. ఆ ప్యాక్ వాళ్లూ విన్నారు. మీరే పుట్టించిన శబ్దం కొంచెం గరుకుగా ఉన్నా సరే, అదే పంపండి. ఫ్రీసౌండ్ లాంటి భాండాగారం నుంచి తీసుకున్నవి ఉంటే ఏది ఎక్కడిదో, ఏ లైసెన్సుదో రాయండి. సినిమాకు చేసిన పని పంపేటప్పుడు సంభాషణల శుద్ధి ఎవరు చేశారు, ఫోలీ (అడుగుల చప్పుడు లాంటివి తెర చూస్తూ చేసి రికార్డు చేయడం) ఎవరిది, మిక్సింగ్ ఎవరిది అన్నది విడివిడిగా చెప్పండి. బృందం చేసినదాన్ని అంతా మీదే అన్నట్టు పంపితే ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే దొరికిపోతారు.

శబ్ద తీవ్రత గురించి ఒక మాట. పోటీపడి మోత పెంచకండి. సగటున చెవికి ఎంత మోతగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం లఫ్స్. స్ట్రీమింగ్ సంగీతానికి మైనస్ 14 లఫ్స్ చుట్టుపక్కల, ఐరోపా ప్రసార ప్రమాణానికైతే మైనస్ 23 లఫ్స్. ఏదైనా సరే, మూడు ఫైళ్ల మధ్య వినేవారు వాల్యూమ్ బటన్ పట్టుకోవాల్సిన అవసరం రాకూడదు. ఒక్కో రచనకు వంద నూటయాభై పదాల వివరణ చాలు. భావోద్వేగం కంటే, శబ్దం ఎక్కడిది, ఏం చేశారు, ఎందుకు చేశారు అన్నవి ఎక్కువ పనికొస్తాయి.

5. ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయడం

మనవాళ్లు తేలిపోయేది ఇక్కడే. "చిన్నప్పటి నుంచి సంగీతమంటే నాకు ప్రాణం, ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మీ విశ్వవిద్యాలయంలో చదవడం నా కల" అన్న వాక్యం ఏ కాలేజీకైనా, ఎవరైనా పంపవచ్చు. అందుకే అది ఎవరి గురించీ ఏమీ చెప్పదు. దాని బదులు ఇలాంటిది రాస్తే ఎలా ఉంటుందో చూడండి (మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటరూ స్వరాల సమాచారం మార్చుకునే పద్ధతి, ఎంపీఈ దానికి కొత్త చేర్పు):

"తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతుంది. సాధారణ మిడి కీబోర్డు మీద పిచ్ బెండ్ చక్రం తిప్పితే ఆ చానల్‌లో మోగుతున్న స్వరాలన్నీ ఒకేసారి వంగుతాయి, మామూలుగా అయితే రెండు అర్ధస్వరాల మేరకే. 2018లో ప్రమాణంగా వచ్చిన ఎంపీఈలో స్వరానికో చానల్ ఉంటుంది, మామూలుగానే 48 అర్ధస్వరాల దాకా వంపు సాధ్యం. వేలి కదలికను గమకంగా మార్చే వాయిద్యం ఒకటి ప్యూర్ డేటాలో మొదలుపెట్టాను. నెమ్మది కాలంలో బాగానే ఉంది. వేగం పెరిగితే గమకం యాంత్రికంగా వినిపిస్తోంది. ఆ లోపం వేలిని కొలవడంలో ఉందా, సింథసిస్‌లో ఉందా అన్నది మీ విభాగంలో తేల్చుకోవాలనుకుంటున్నాను."

ఇందులో గొప్పలు లేవు. తెలిసిన విషయం, చేసిన పని, ఆగిపోయిన చోటు ఉన్నాయి. మూడోదే అన్నిటికంటే ముఖ్యం. కర్ణాటక సంగీతం రానివారు డప్పు మీదో, ఆర్టీసీ బస్టాండు ప్రకటనల మీదో, రైస్ మిల్లు మోత మీదో రాయవచ్చు. "భారతీయ, పాశ్చాత్య సంగీతాల సమ్మేళనం" అన్న మాట మాత్రం ముట్టుకోకండి. అది వాళ్లు ప్రతి ఏడూ చదివేదే.

6. దరఖాస్తులు

సెప్టెంబరులో మొదలయ్యే కోర్సుకు ముందటి ఏడాది శరదృతువులోనే దరఖాస్తులు తెరుచుకుంటాయి. యూరప్ సంగీత కళాశాలల్లో ప్రవేశ పరీక్ష లేదా ఇంటర్వ్యూ విడిగా ఉంటుంది. ఇంగ్లిష్ పరీక్షలో చాలాచోట్ల ఐఈఎల్‌టీఎస్ 6.5 అడుగుతారు. సిఫారసు లేఖల్లో ఒకటి మీ చదువు తెలిసినవారిది, ఒకటి మీ శబ్దం తెలిసినవారిది ఉంటే బాగుంటుంది. జర్మనీకి వెళ్లేవారికి, మన చదువు పత్రాలు సరిచూసి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి, ముందుగానే మొదలుపెట్టండి.

7. డబ్బు

బ్రిటన్‌లో విదేశీ విద్యార్థుల ఫీజు 20 వేల పౌండ్ల చుట్టుపక్కల మొదలై 30 వేలు దాటే కోర్సులూ ఉన్నాయి. దానికి తోడు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. జీవన వ్యయానికి చూపించాల్సిన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. చదువు తర్వాత అక్కడ పని వెతుక్కునే గ్రాడ్యుయేట్ వీసా గడువు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతుంది. అప్పు తీర్చే లెక్కలో దీన్ని తప్పక కలుపుకోండి.

జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ విద్యాసంస్థల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపాయేతరులకు సెమిస్టరుకు 1,500 యూరోలు. బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. చిక్కంతా భాషతోనే, ఎక్కువ కోర్సులు జర్మన్‌లో నడుస్తాయి.

ఉపకార వేతనాల్లో బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ మంచిదే గానీ రెండేళ్ల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. జేఎన్ టాటా ఎండోమెంట్ ఇచ్చేది రుణ రూపంలోని సాయం. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, జ్యోతిబా ఫూలే బీసీ విద్యానిధి ఉన్నాయి. వీటికి దేశాల జాబితా, సబ్జెక్టుల జాబితా రెండూ ఉంటాయి. ఒకే రకం చదువు ఒకచోట ఎంఎస్సీగా, ఇంకోచోట ఎం.మ్యూజ్‌గా ఉంటుంది కాబట్టి మీ డిగ్రీ పేరు ఆ జాబితాలో ఇముడుతుందో లేదో నోటిఫికేషన్ చదివి చూసుకున్నాకే అడుగు వేయండి.

ఇంటిని తాకట్టు పెట్టి ఈ చదువుకు వెళ్లమని నేనెవరికీ చెప్పను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలా మొదటి నెల నుంచి వాయిదాలు కట్టగల జీతం ఈ రంగంలో అరుదు. ఇంజినీరింగ్ దారిలో ఆడియో సాఫ్ట్‌వేర్ కొలువులు కొంత భరోసా ఇస్తాయి. శబ్దకళ దారిలో ఆ భరోసా లేదు.

8. కోర్సు నడిచే కాలం

బ్రిటన్ మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, క్రెడిట్‌కు పది గంటల లెక్కన 1,800 గంటల పని. సాధారణంగా 60 క్రెడిట్లు చివరి ప్రాజెక్టువే. తరగతులు వారానికి కొన్ని గంటలే ఉంటాయి, మిగతాదంతా మీ చేతిలో. మన కాలేజీల హాజరు పద్ధతికి అలవాటుపడినవారు మొదటి నెలంతా తీరిక ఉందనుకుని, డిసెంబరులో బెంబేలెత్తుతారు.

స్టూడియో బుకింగ్ మొదటి వారంలోనే నేర్చుకోండి. అర్ధరాత్రి వేళలు ఎవరూ తీసుకోరు, వాటిని పట్టుకోండి. గది ఖాళీగా దొరికినప్పుడు అక్కడ కూర్చుని సింథ్ ప్రీసెట్లు వెతక్కండి. అది ల్యాప్‌టాప్‌లో చేయదగిన పని. ఆ గదిలో మాత్రమే సాధ్యమైనది ఏదో ముందే రాసుకుని వెళ్లండి.

విమర్శ సభల్లో మీ పనిని సమర్థించుకోవడానికి తొందరపడకండి. ఎవరికి ఏ నిమిషంలో శ్రద్ధ తప్పిందో సమయంతో సహా రాసుకోండి. ముగ్గురు ఒకేచోట తప్పిపోతే అక్కడేదో ఉంది. వాళ్లు చెప్పిన కారణం తప్పై ఉండవచ్చు, చోటు మాత్రం తప్పు కాదు.

చెవుల సంగతి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్ వద్ద రోజుకు 8 గంటలు హద్దు. మూడు డెసిబెల్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది. అంటే 94 దగ్గర ఒక గంటే. హెడ్‌ఫోన్‌లతో రాత్రంతా పనిచేసేవారు ఈ లెక్కను గోడకు అంటించుకోవాలి.

చివరి ప్రాజెక్టును వీలైనంత చిన్నదిగా పెట్టుకోండి. ఎనిమిది స్పీకర్లు, కృత్రిమ మేధ, నృత్యం, వీడియో అన్నీ కలిపిన ప్రతిపాదన వినడానికి బాగుంటుంది గానీ వేసవిలో మీదపడుతుంది. ఒక వాయిద్యం, ఒక గది, ఒక ప్రశ్న. దానికి జతగా రాయాల్సిన వ్యాసాన్ని ఆఖరున రాద్దామని వదలకండి. ప్యాచ్ (ప్యూర్ డేటా లాంటి వాటిలో మీరు కూర్చిన ప్రోగ్రాం) మార్చిన ప్రతి రోజూ నాలుగు వాక్యాలు రాస్తూ పోతే చివర్లో సగం వ్యాసం చేతిలో ఉంటుంది.

9. కాలేజీ లాగిన్ మూతపడే ముందు

విద్యార్థి లైసెన్సులు చాలావరకు కోర్సుతోపాటే ముగుస్తాయి. ఆఖరి నెలలో ప్రతి ప్రాజెక్టునూ ట్రాకులవారీగా వేవ్ ఫైళ్లుగా ఎగుమతి చేయండి, ప్యాచ్‌ల తెరచిత్రాలు తీయండి, ఏ ప్లగిన్ ఏ వెర్షనో ఒక టెక్స్ట్ ఫైలులో రాయండి. బహుళ స్పీకర్ల కోసం చేసిన రచనకు రెండు చానళ్ల రూపం ఒకటి ఆ గదిలోనే విని తయారుచేసుకోండి. హైదరాబాద్‌లోని పోస్ట్ ప్రొడక్షన్ స్టూడియోకో, గేమ్ కంపెనీకో మీరు పంపబోయేది అదే. హార్డ్ డిస్కులు రెండు కొని, ఒకటి సూట్‌కేసులో, ఒకటి చేతి సంచిలో పెట్టుకోండి.